లెక్సింగ్టన్ నుంచి వచ్చిన పేషెంటు

మా తూర్పు కెంటకీ కొండల్లో ఆడమనిషికి పొత్తికడుపులో ఏదైనా తేడా చేస్తే, దానంతటదే పోతుందేమోనని ముందు కొన్నాళ్ళు చూస్తుంది. పోకపోతే ప్రార్థన చేస్తుంది. అదీ అయ్యాక, కారులో పెట్రోలుండి, మొగుడికి తీరికుండి, రోడ్డు మీద మంచు లేకపోతే అప్పుడు డాక్టరు దగ్గరికి పోతుంది. ఈ వరస మార్చాలనే పిచ్చి పట్టుకుంది రెనీటా కోంబ్స్‌కి.

రెనీటా కాన్పుల వార్డులో నర్సు. మా ఊరి ఆసుపత్రిలో ఆ వార్డు ఎత్తేశాక కొండ దాటి పక్క ఊరికి పోయి పనిచేస్తోంది. నలభై దాటాక, ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో పెద్ద చదువు మొదలుపెట్టింది. అది పూర్తయితే ఆడవాళ్ళ జబ్బులకు తనే పరీక్ష చేసి, తనే మందు రాయొచ్చు. మా లోయలోనే చిన్న క్లినిక్ తెరవొచ్చు. ఆన్‌లైన్‌లో చెప్పులు కొంటారు గానీ వైద్యం నేర్చుకుంటారా అని మా బావ వెక్కిరించాడు. ఆయన నోటికి అదుపు ఎప్పుడుంది గనక!

అసలు రెనీటాకు పుట్టుకతోనే ఆరా ఎక్కువ. వాళ్ళమ్మ వెర్డీ కోడిని కోస్తుంటే పక్కన గొంతుక్కూర్చుని, కడుపులో ఇంకా పెట్టని గుడ్లు పెద్దదాని వెనక చిన్నది వరసగా ఎందుకున్నాయని ప్రాణం తీసేదట. అలాంటి మనిషి పరీక్షలో తప్పింది ఎందుకో తెలుసా? అడగాల్సింది అడగలేదని.

ఆ పరీక్ష ఏమిటంటే, ఒక మనిషిని రోగిలాగా ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆరోగ్యం సంగతులన్నీ అడుగుతూ, ఎక్కడా ఆపకుండా వీడియో తీసి పంపాలి. కూర్చున్నవాళ్ళు సొంత విషయాలు చెప్పక్కర్లేదు, కల్పించి చెప్పొచ్చు. మొదటిసారి పంపిన వీడియో పాఠాలు చెప్పే టీచరమ్మ తిప్పికొట్టింది. మీరు జవాబు వినడం లేదు, తర్వాతి ప్రశ్న మీదికి దూకేస్తున్నారు అని రాసింది. ఆదివారం లోపల ఇంకోటి పంపాలి. అదీ పోతే ఏడాది ఆగాలి. ఏడాది ఆగితే తను మళ్ళీ పుస్తకం పట్టదని రెనీటాకు బాగా తెలుసు.

శనివారం వస్తానన్న తోటి నర్సు జ్వరమొచ్చి రాలేదు. ఇక గతిలేక అమ్మ కాళ్ళావేళ్ళా పడింది.

వెర్డీ స్కూలు క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన మనిషి. ఇంకొకరిలా నడవాలన్నా, మాట్లాడాలన్నా మా లోయలో ఆమె తర్వాతే ఎవరైనా. పాస్టరుగారి దగ్గును ఆయన ముందే దగ్గి చూపించి, ఆయన్నే నవ్వించిన ఘటం. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నదల్లా తలెత్తి, "నా గుట్టు మీ టీచరమ్మకి ఎందుకే? కావాలంటే ఇంకెవరినైనా పిలుచుకొస్తా, ఉండు" అని లోపలికి పోయింది. తిరిగొచ్చేటప్పటికి మెడలో ముత్యాల దండ, నెత్తిన చర్చి టోపీ. వంటింటి కుర్చీలో నిటారుగా కూర్చుని, తాను లెక్సింగ్టన్ పట్నం నుంచి వచ్చిన మిసెస్ జెనీవా ఫెయిర్‌చైల్డ్‌నని, మావారు పందెపు గుర్రాలు అమ్ముతారని, ఈ కుర్చీ కాస్త గట్టిగా ఉందని సెలవిచ్చింది.

రెనీటా నవ్వాపుకుని ఫోను నిలబెట్టి రికార్డింగ్ మొదలుపెట్టింది. పిల్లలెంతమంది అంటే, జెనీవాకు ఆరుగురట, అందరూ దాదుల చేతుల్లోనే పెరిగారట. సిగరెట్లా? పారిస్‌లో మాత్రమేనట. మందు? గుర్రం గెలిస్తే ఒక గ్లాసు, ఓడితే రెండట. ఇలా అయితే టీచరమ్మ దీన్నీ తిప్పికొడుతుందని రెనీటాకు లోపల గుబులు పట్టుకుంది. తర్వాతి ప్రశ్న అడిగింది.

"నెలసరి ఆగిపోయాక మళ్ళీ ఎప్పుడైనా రక్తం కనబడిందా అండీ?"

"కొంచెం. ఈస్టర్ నుంచి."

రెనీటా కళ్ళు అప్పటికే కింది ప్రశ్న మీద ఉన్నాయి. టీచరమ్మ మాట గుర్తొచ్చి ఆగింది. పైగా ఆరా పుట్టింది. ఊరికే కల్పించేవాళ్ళు ఓ రెండు నెలలంటారు, మూడు నెలలంటారు. ఈస్టర్ అని ఎందుకంది? మొదటిసారి ఎలా తెలిసిందని అడిగింది.

"చర్చిలో కూర్చున్నాం. లేవబోతే తడి తగిలింది. లేతరంగు గౌను. అందరూ భోజనాలకి కింది హాల్లోకి పోయేదాకా కోటు నడుముకి చుట్టుకుని కూర్చున్నా." జెనీవా గొంతులో పట్నం యాస అక్కడక్కడా జారిపోయింది.

ఆ కోటు ఎవరిదో రెనీటాకు తెలుసు. ఆ ఈస్టర్‌కి అమ్మ చేసిన అరటిపండు పుడ్డింగు కోసం కింద జనం ఎగబడుతుంటే, అమ్మ మాత్రం పైనే, ఉక్కబోతలో కోటు చుట్టుకుని, చలిగా ఉందంటూ కూర్చుంది. ప్లేటు పైకి తెచ్చిచ్చింది తనే. అప్పుడు ఒక్క ముక్క అడిగి ఉంటే! ఇప్పుడు వేసవి కూడా దాటిపోతోంది.

ఫోను ఆపేసి అమ్మ చేతులు పట్టుకోవాలనిపించింది. ఆపితే జెనీవా లేచిపోతుంది, అమ్మ చిక్కుడుకాయల దగ్గరికి పోతుంది, ఇక నోరు విప్పదు. అందుకే అప్పట్నుంచి ఎన్నిసార్లు, ఎంత, నొప్పి ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. జవాబులు పొట్టిగా, తిన్నగా వచ్చాయి. గుర్రాల ఊసే లేదు.

"ఎవరికైనా చెప్పారా అండీ?"

"నాకో కూతురుంది. నర్సే. డ్యూటీ చేసొచ్చి చదువుకుంటోంది. చెబితే పుస్తకం మూసి పారేస్తుంది. అది పాసయ్యాక చెబుదామని." టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మా అక్కకీ ఇలాగే మొదలైంది. ఆసుపత్రికి పోయింది, తిరిగి రాలేదు."

రెనీటా చెప్పాల్సింది చెప్పింది. చాలామందిలో ఇది క్యాన్సర్ కాదని, అయినా చూడకుండా ఎవరూ చెప్పలేరని, ఒకవేళ క్యాన్సరే అయినా మొదట్లో పట్టుకుంటే నయమవుతుందని చెప్పింది. స్కానింగ్ తీస్తారు, గర్భసంచి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు అంది. నొప్పి పుడుతుందా అని జెనీవా అడిగింది. కాసేపు గట్టిగా మెలిపెట్టినట్టు ఉంటుందని రెనీటా దాచకుండా చెప్పింది.

రికార్డింగ్ ఆగింది. "అమ్మా" అంది రెనీటా. వెర్డీ చిక్కుడుకాయల గిన్నె దగ్గరికి లాక్కుని, తనకేం తెలియదని, అదంతా ఆ లెక్సింగ్టన్ ఆవిడ గొడవని దబాయించింది. రెనీటా వాదించలేదు. ఈ వీడియో మాత్రం పంపనని, పరీక్ష పోతే పోయిందని కళ్ళు తుడుచుకుంటూ అంది.

దాంతో వెర్డీకి కోపమొచ్చింది. "నోరు మూసుకుని పంపు. ఆవిడ అంత సిగ్గు చంపుకుని చెప్పింది నీకు ఏడాది పోగొట్టడానికా?" రెండు కాయలు విరిచి, తల వంచుకునే అంది. "ఆవిడకి అపాయింట్‌మెంట్ తీసుకో. ఒంటరిగా పోవడం ఆవిడ వల్ల కాదు. నేను తోడెళ్తా."

ఇంట్లో సిగ్నల్ అందదు కాబట్టి రెనీటా లైబ్రరీ ముందు కారాపుకుని వీడియో పంపింది. సోమవారం డాక్టరమ్మ ఆఫీసు తెరవగానే ఫోను చేసింది. బుధవారం కొండలు దిగి ఇద్దరూ వెళ్ళారు. దారంతా వెర్డీ ఎదురొచ్చిన లారీలను తిడుతూనే ఉంది.

లోపల ఒక కుర్రనర్సు కంప్యూటర్ ముందు కూర్చుని, ఏ సమస్యతో వచ్చారని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రెనీటా నోరు తెరవబోయింది. వెర్డీ చేత్తోనే ఆపింది. ముత్యాల్లేవు, టోపీ లేదు, పట్నం యాస అసలే లేదు.

"వెర్డీ కోంబ్స్ అని రాసుకో తల్లీ" అంది. "ఈస్టర్ నుంచి రక్తం కనబడుతోంది. నాకే."