గుల్జార్‌బీ కాచిన మడుగు

పెన్న ఎండిపోతే జమ్మలమడుగు దిగువన ఆ ఊరికి మిగిలేది ఒక్క మడుగే. ఎండాకాలంలో అందులో వల వేయకూడదు, కడవ ముంచకూడదు; తాగే నీళ్ళకు ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకోవాలి. అక్కడ బతికిన చేపలే వానలకు గుడ్లు పెట్టి ఏరంతా నింపాలి. ఈ కట్టడి తప్పినవాడి వలను ఊరి ముందర కాల్చేవారు. మొగుడు పోయాక మడుగు కాపలా గుల్జార్‌బీకి వచ్చింది. ఆమె నోటికి జడిసి పెద్దలు కూడా ఆ గట్టు తొక్కేవారు కాదు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు కరువు. కట్టడి తప్పింది ఎవరో కాదు, ఆమె కొడుకు ఖాదరే. బాలింత పెండ్లానికి పాలు పడలేదని వల వేశాడు.

"పసిది ఏడుస్తాంది మా. ఒక్క చాప చాలు."

"నా కొడుకని వదిల్తే రేపు ఊరంతా వలలు తెచ్చాది."

మొగుడు అల్లిన ఆ వలను తన చేతులతోనే కాల్చింది. ఖాదర్ ఆమె ముఖం చూడకుండా ఆలుబిడ్డలతో ప్రొద్దుటూరు వెళ్ళిపోయాడు. బిడ్డ దక్కలేదని తర్వాత కబురొచ్చింది. అయినా ఆమె గట్టు వదల్లేదు. తానే ఇంతకు తెగించాక ఇంకెవడు తప్పుతాడులే అని ధీమా. పిచ్చి ధీమా!

కొన్నాళ్ళకే కరణం జనార్దనం మడుగు గట్టున నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను పెట్టి పైపు దించాడు. మొదట తన చీనీ బత్తాయి తోట, తర్వాత గొడ్లు, మిగిలితే చేపలు అని పెద్దలతో ముందే తేల్చుకున్నాడు.

"కట్టడి తప్పుతాండావు సామీ!"

"కట్టడి వలకూ కడవకూ గదా. ఇంజను పేరు అందులో యాడుంది? చీనీ చెట్టు సస్తే మళ్ళా కాపుకు ఏండ్లు పడుతుంది. చాపలదేముంది, వానొస్తే అవే వచ్చాయి."

"యాన్నుంచి వచ్చాయి? ఇత్తనం ఈడే గదా ఉండేది!"

ఆమె పైపు పట్టుకుని లాగింది. జీతగాళ్ళు రెక్కలు పట్టి ఇసుకలో పడేశారు. పెద్దలు తలలు తిప్పుకున్నారు. వల కాల్చిననాడు ముందు నిలబడి చూసినవాళ్ళే వీళ్ళంతా.

మడుగు అడుగు తేలింది. బురదలో కొట్టుకుంటున్న చేపలను ఊరు గంపలతో ఎత్తుకుంది. జనార్దనం ఒక గంప ఆమె గుమ్మంలో దించించాడు.

"నీ వాటా గుల్జార్‌బీ. నువ్వు కాయకుంటే నా తోటకు ఇన్ని నీళ్ళు యాడ మిగిలేవి?"

నిండు గంప చూసి ఆమె గుండెలు బాదుకుంది.

"ఒక్కటి అడిగినాడు నా బిడ్డ... ఒక్కటే!"

ఆ వానాకాలం పెన్న రెండు గట్లూ ఒరుసుకుని పారింది. వేసిన వలలన్నీ ఖాళీగా వచ్చాయి. ముసల్ది కాపలా సరిగా కాయలేదని ఊరు గుల్జార్‌బీనే తిట్టింది.