నిశ్శబ్దం అని రాసిన చీటీలు

ఆదివారం పొద్దున్నే టైలర్ బావ వచ్చాడు. చంకలో ఉన్న పాటల రికార్డు తీసి బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా అడిగాడు.

"బావా, దీని మీద నిశ్శబ్దం అని రాసింది నువ్వేనా? లేక నీ దస్తూరీ ఎవరైనా దొంగిలించారా?"

జపాన్ మేస్త్రి అట్టలోంచి చీటీ తీసి చూశాడు. ఇరవై ఏళ్ల నుంచి రాస్తున్న చీటీల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు. ఇప్పుడు మొదటిసారి వచ్చింది, తెచ్చినవాడు స్వయానా భార్య అన్న.

ఊరు పెట్టిన పేరే గానీ, మేస్త్రి జపాన్‌ని ఎన్నడూ చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇనుము చెక్కే లేత్ మెషిన్ ముందు నిలబడి షాఫ్టులూ బుష్‌లూ చేస్తున్నాడు. పని ఎవరూ నేర్పలేదు. చెడగొట్టిన ముక్కల్ని పక్కన పెట్టుకుని ఎక్కడ చెడిందో చూసుకుంటూ నేర్చుకున్నాడు. ఒకప్పుడు ఓడలో వంట చేసే మనిషి ఒకడు ఇనుప గిన్నె పిడి బాగు చేయించుకుని, బదులుగా ఒక పాత రాక్ సంగీతం రికార్డు ఇచ్చిపోయాడు. జపాన్‌లో అచ్చయినది. అట్ట ఎడమ అంచుకి అడ్డంగా, జపాన్ అక్షరాలతో ఒక కాగితపు పట్టీ చుట్టి ఉంది. మేస్త్రి దానికి నడికట్టు అని పేరు పెట్టుకున్నాడు. చాలామంది ఆ పట్టీని చింపి పారేస్తారు కాబట్టి, నడికట్టుతో దొరికిన రికార్డుకి విలువెక్కువని తర్వాత తెలిసింది.

కానీ ఆయన్ని పట్టుకున్నది నడికట్టు కాదు. సూది దిగాక, గిటారు మొదలయ్యేలోపు ఒక నాలుగు క్షణాలుంటాయి. అదే పాట వేరేచోట అచ్చయిన రికార్డులో ఆ నాలుగు క్షణాలూ చిటపటలాడేవి. దీంట్లో ఏమీ లేదు. పగలంతా ఇనుము అరుపులు వినే మనిషికి ఆ ఏమీ లేకపోవడం ఒక గదిలా అనిపించింది. లోపలికెళ్లి కూర్చోవచ్చనిపించింది.

అప్పటినుంచి మూడువందల పైచిలుకు పోగుచేశాడు. ప్రతిదాన్నీ కడిగి, ఆరబెట్టి, విని, అట్టలో పెన్సిల్‌తో రాసిన చీటీ పెట్టేవాడు. చిటపట ఎంతుందో చెప్పే నాలుగే మాటలు: నిశ్శబ్దం, చినుకు, జల్లు, కుంభవృష్టి. ఊళ్లో రికార్డులు పోగుచేసేవాళ్లు అమ్మినా మార్చుకున్నా ముందు ఆయన దగ్గరికి తెచ్చేవాళ్లు. మేస్త్రి చీటీ ఉంటే ఇంక బేరం లేదు.

"నీ సూది అరిగిపోయుంటుంది" అన్నాడు మేస్త్రి.

"కొత్త సూది పెట్టి నెల కాలేదు. అనుమానమైతే నీ దాని మీదే పెట్టు."

పెట్టాడు. సూది దిగింది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. శుభ్రంగా, నున్నగా, ఏమీ లేదు. కళ్లు తెరిచి బావ వంక గెలిచినట్టు చూశాడు.

అప్పుడే వంటగదిలోంచి భార్య తడిచేతులతో వచ్చింది. "ఏమండీ, కొళాయి కట్టేశాననే అనుకున్నా, ఎక్కడో కారుతోంది" అంటూ వచ్చి, స్పీకరు ముందు ఆగిపోయింది. "ఓ, ఇదా!"

"ఏది?" అన్నాడు మేస్త్రి.

"ఇదేనండీ, ఈ చిరచిర."

మేస్త్రి స్పీకరు దగ్గర చెవి పెట్టాడు. "నీకు వినిపిస్తోందా?"

"పక్కింటావిడకి కూడా వినిపిస్తుంది" అన్నాడు బావ. వెంటనే ఆంప్లిఫయర్ మీదకి వంగాడు. "ట్రెబుల్ గుబ్బ ఇంత చివరికి ఎప్పుడు తిప్పావు బావా?"

మేస్త్రి ఒక్కసారిగా తిప్పలేదు. నాలుగేళ్లుగా కొంచెం కొంచెం తిప్పుతూ వచ్చాడు, సన్నటి చప్పుళ్లు తగ్గుతున్నట్టనిపించి, ఆంప్లిఫయర్ ముసలిదైపోతోందనుకుని. ఆ మాట చెప్పబోయి, మరొకటి గుర్తొచ్చి భార్యవైపు తిరిగాడు.

"స్నానాలగదిలో కీచురాయి ఉండేది కదా. నేను తూముకి స్టీలు మూత చేసి బిగించాక పోయిందే?"

ఆమె స్నానాలగది వైపు చూసింది. "అది ఎక్కడికీ పోలేదండీ. ఇప్పుడు కూడా కూస్తోంది. మీరు ఆ మూత గురించి అందరికీ గొప్పగా చెప్పుకుంటుంటే ఎందుకులే అని ఊరుకున్నా."

మేస్త్రి లేచి స్నానాలగది తలుపు తీసి నిలబడ్డాడు. తూము మీద తన మూత మెరుస్తోంది. చెవి ఒగ్గాడు. ఇటు చెవి, అటు చెవి. వెనక అన్నాచెల్లెళ్లిద్దరూ తనకి వినపడనిదేదో వింటూ నిలబడ్డారు.

కొలవని కొలతని మేస్త్రి ఏనాడూ ఒప్పుకోలేదు. తిరిగొచ్చి గోడకేసి మొహం పెట్టి కూర్చున్నాడు. "నీకు తోచింది పెట్టు బావా. ఏది పెట్టావో చెప్పకు."

బావ మూడు పెట్టాడు. మొదటిదీ రెండోదీ నిశ్శబ్దమే అన్నాడు మేస్త్రి. మూడోదాని దగ్గర కాస్త తటపటాయించాడు. "జపాన్‌దే. మహా అయితే ఒక చినుకు."

మేస్త్రి తిరిగి చూశాడు. సూదులు పరీక్షించడానికి మూల పడేసిన, ఇక్కడే అచ్చయిన పాత రికార్డు తిరుగుతోంది. దాని చీటీ బావ చేతిలో ఉంది. పద్దెనిమిదేళ్ల కిందట తన చేత్తో తనే రాసింది: కుంభవృష్టి.

మేస్త్రి ఆ చీటీని పట్టుకుని చాలాసేపు చూశాడు. దస్తూరీ తనదే. ఆ రోజు ఆ చెవులతో విన్న మనిషీ తనే. లేత్ దగ్గర చెవుల్లో దూది పెట్టుకోమంటే, పనిముట్టు మొద్దుబారితే నాకు చప్పుడులోనే తెలియాలి అని కసిరిన మనిషీ తనే.

"నాలుగేళ్లు" అన్నాడు. "నాలుగేళ్ల చీటీలు."

ఇంకో గంటలో మందుల షాపాయన వస్తాడు. మేస్త్రి పదిహేడేళ్లుగా వెతుకుతున్న రికార్డు, నడికట్టు ఎక్కడా చిరగనిది, ఆయనకి దొరికింది. దానికి బదులు మేస్త్రివి నాలుగు తీసుకుంటానన్నాడు. నాలుగింటి మీదా నిశ్శబ్దం అని ఉంది. అన్నీ ఈ మధ్య రాసినవే.

"ఇచ్చెయ్ బావా" అన్నాడు టైలర్ మెల్లగా. "ఆయన వయసు నీకంటే ఎక్కువ. ఆయనకి మాత్రం ఏం వినిపిస్తుంది?"

"నువ్వు కుట్టు ఊడిన చొక్కా ఇస్తావా, వేసుకునేవాడికి కళ్లు కనపడవని?"

బావ ఆ నాలుగూ తీసి బల్ల మీద పెట్టాడు.

మేస్త్రి భార్యకి కుర్చీ వేశాడు. "పాట వినకు. పాటకి ముందు విను." ఆమె చేతులు తుడుచుకుని కూర్చుంది. నాలుగూ విన్నది. ఒకటి నిశ్శబ్దం. ఒకటి చినుకు. మిగతా రెండూ జల్లు. ఆమె చెప్పినప్పుడల్లా మేస్త్రి ఆమె మొహంలోకి నమ్మలేనట్టు చూశాడు. చూసి, పాత చీటీ చింపి కొత్తది రాశాడు.

మందుల షాపాయన వచ్చి, నాలుగు చీటీలూ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మొన్న ఇలా లేవే మేస్త్రీ?"

"మొన్న నేను విన్నాను. ఇవాళ మా ఆవిడ విన్నది. నా చెవులు పోయాయండీ. ఇవాళ పొద్దున్నే తెలిసింది. మీరు నా చీటీ చూసి తీసుకున్నవి ఇంకా ఏమైనా ఉంటే తెండి, మళ్లీ వింటాం."

ఆయన చీటీలు మళ్లీ ఒకసారి చదివాడు. ఆఖరికి తన రికార్డుని సంచిలో పెట్టుకోబోయాడు. "ఒక్కదానికి దీన్ని ఇవ్వలేను మేస్త్రీ. మీరైనా ఇవ్వరు."

"ఇవ్వను" అన్నాడు మేస్త్రి. "ఒక్కసారి పెట్టి ఇస్తాను, పట్టుకెళ్లండి."

నడికట్టుని రెండు వేళ్లతో, మడత పడకుండా పక్కకి తీశాడు. రికార్డు పెట్టాడు. సూది దించాడు. నలుగురూ ఊపిరి బిగబట్టారు. నాలుగు క్షణాలు గడిచి, గిటారు మొదలైంది. మేస్త్రి భార్యవైపు తిరిగాడు.

"ఏమైనా ఉందా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఏమీ లేదండీ. అసలేమీ లేదు."

మేస్త్రి పెన్సిల్ తీసుకున్నాడు. నిశ్శబ్దం అని రాసి, కింద తేదీ వేసి, విన్నది నా భార్య అని చేర్చాడు. ఆ చీటీని అట్టలో పెట్టి, నడికట్టు చుట్టి, రెండు చేతులతో మందుల షాపాయనకి ఇచ్చాడు.