కోటు లోపలి మాటలు

మా తమ్ముడు కాజాలు కుట్టేవాడు. పెద్ద టైలరింగ్ షాపులో ఒకరు కొలతలు తీస్తారు, ఒకరు గుడ్డ కత్తిరిస్తారు, ఇంకొకరు మిషను తొక్కుతారు. గుండీ దూరే చీలిక పీలికలు కాకుండా దాని చుట్టూ చేత్తో దారం అల్లే పని మాత్రం మావాడిది. పదిహేనేళ్ళుగా అదే పని. ఎవరు కుట్టిన కాజాకైనా చివర ఒక అడ్డకుట్టు ఉంటుంది, మావాడి కాజాకు రెండుంటాయి. ఎందుకురా అంటే, "ఒకటి ఊడినా ఇంకోటి ఉంటుంది కదక్కా" అంటాడు. మనిషీ అంతే. జాగ్రత్త ఎక్కువ, నోరు తక్కువ. ఆ నోరంతా అమ్మా నేనూ పంచుకున్నాం.

చిన్నప్పుడు మావాడు నా స్కూలు స్కర్టు వేసుకుని అద్దం ముందు గిర్రున తిరుగుతుంటే పట్టుకుని వీపు మీద నాలుగు వేశాను. తిరిగినందుకు కాదు, ఇస్త్రీ నలిపినందుకు. పెద్దయ్యాక తనకు కావలసింది తనే కుట్టుకున్నాడు. మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళ స్కర్టు, తెల్ల మేజోళ్ళు, మెడకు రిబ్బను, గోళ్ళకు లేత గులాబీ రంగు. ఒకరోజు నా ముందు ఫోను పెట్టి, తనలాంటి అబ్బాయిలు ఎన్ని ఊళ్ళలో, ఎన్ని దేశాల్లో ఉన్నారో చూపించాడు.

"వీళ్ళని ఫెంబాయ్‌లు అంటారక్కా."

"అంటే నువ్వు ఆడదానిలా మారిపోతావా?"

"లేదక్కా. నేను మగాణ్ణే. స్కర్టు నచ్చిన మగాణ్ణి. వేరేలా అనిపించేవాళ్ళూ ఉంటారు, వాళ్ళ సంగతి వాళ్ళు చెప్పుకుంటారు."

నేను డ్రైక్లీనింగ్ షాపులో కౌంటరులో కూర్చుంటాను. మధ్యాహ్నం భోజనాల వేళ గంటసేపు షాపు మూస్తారు. ఆ గంటలో, వెనక గదిలో, ఆవిరి ఇస్త్రీ బల్ల పక్కన మావాడు నిలబడితే నేను ఫోను పట్టుకునేదాన్ని. మగవాళ్ళ నడుముకు స్కర్టు కొలత ఎలా తీయాలో, కుచ్చిళ్ళు ఎలా మడవాలో చెప్పేవాడు. ఇంట్లో అడిగితే తప్ప మాట్లాడనివాడు అక్కడ గలగలా మాట్లాడేవాడు. ఎకౌంటు పేరు కుచ్చిళ్ళబ్బాయి. అమ్మకు తెలియకూడదని ముఖం మాత్రం గడ్డం దగ్గర కత్తిరించేసేవాళ్ళం. రెండేళ్ళలో ఇరవై వేలమంది చేరారు. ఒక లారీ డ్రైవరైతే, మీ కొలతలతో ఒకటి కుట్టించుకున్నాను, ఆదివారాలు వేసుకుంటున్నాను అని రాశాడు. ఆ ముక్క చదివి మావాడు రోజంతా ఈల వేశాడు.

అప్పుడు తగులుకున్నాడు ఒకడు, ముక్కుసూటి అనే పేరుతో. 'కుక్క తోకకి రిబ్బను కట్టినట్టున్నావు' అన్నాడు. 'మగ పుట్టుక పుట్టి ఈ వేషాలేమిట్రా' అన్నాడు. 'నిన్ను చూస్తే కడుపులో తిప్పుతోంది' అంటూనే ఒక్క వీడియో వదలకుండా చూశాడు దరిద్రుడు. వాణ్ణి చూసి ఇంకో పదిమంది. ఐదు నెలలు ఇదే వరస. పట్టించుకోకురా అని నేను అనేదాన్ని. అనడానికేం, రాసింది నాకు కాదుగా.

చివరికి వాడు మావాడికి విడిగా కబురు పెట్టాడు. 'నువ్వెవరో నాకు తెలుసు. నెలాఖరులోగా ఎకౌంటు తీసెయ్. లేకపోతే వీడియోలన్నీ మీ అమ్మ ఫోనుకి వెళ్తాయి.' ఆ రోజుతో వీడియోలు ఆగిపోయాయి. స్కర్టులన్నీ ఒక సంచిలో కుక్కి, తెచ్చి నా కౌంటరు కింద పడేశాడు. గోళ్ళ రంగు గీకి గీకి తీశాడు, వేళ్ళ చివర్లు ఎర్రగా కమిలిపోయాయి.

"నెలాఖరున తీసేస్తానక్కా."

"తెలిస్తే తెలిసింది. అమ్మేమన్నా చంపేస్తుందా?"

"ఆ రాతలు అమ్మ చదువుతుందక్కా. పైకి చదువుతుంది."

అది నిజం. మా అమ్మ ఇరవై ఎనిమిదేళ్ళు బస్ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎన్నో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చదివింది. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. మందు సీసా, కరెంటు బిల్లు, గోడ మీది పోస్టరు, కంటికి ఏది ఆనితే అది, మొదటినుంచి చివరిదాకా, గంట కొట్టినట్టు చదువుతుంది. ఆ గొంతుతో ఆ మాటలు వినాల్సి వస్తుందన్నదే మావాడి భయం.

ఇక మా ఆయన. వినియోగదారుల ఫోన్లు తీసుకునే కంపెనీలో కొత్తగా చేరినవాళ్ళకు మాట తీరు నేర్పుతారు. 'అవతలివాడు తిట్టినా మన గొంతులో చిరునవ్వు వినిపించాలి' అన్నది ఆయన మొదటి పాఠం. ఆరేళ్ళ కాపురంలో నా మీద ఒక్కసారి గొంతు పెంచలేదు. పదిమందీ నీ అదృష్టం అంటే నేనూ అవుననుకున్నాను. ఈసారి కంపెనీవాళ్ళు ఆయన్ను ఉత్తమ శిక్షకుడిగా ఎంపిక చేశారు. నెలాఖరుకు రెండు రోజుల ముందు సభ. ఆయన చొక్కాలన్నీ మావాడు కుట్టినవే.

"ఏరా బావమరిదీ, నీ చేతి కోటు వేసుకునే స్టేజి ఎక్కుతాను" అని మావాడి భుజం తట్టారు. మావాడు తలవంచుకుని కొలతలు తీసుకున్నాడు.

వారం తిరక్కుండా కోటు తయారైంది. ఆవిరి ఇస్త్రీ చెయ్యమని మధ్యాహ్నం నా దగ్గరికి తెచ్చాడు. మా పనిలో ఒక పద్ధతుంది. కోటు చేతికి రాగానే ముందు తిరగేస్తాం. చిరుగైనా మరకైనా లోపలే దాక్కుంటుంది, ముందే చూసి చెప్పకపోతే తర్వాత మా నెత్తికి చుడతారు. నా చేతులు వాటంతట అవే తిరగేశాయి. మావాడు "అక్కా, వద్దు" అనేలోపే అయిపోయింది.

లోపల వైను రంగు సిల్కు లైనింగు. మొదట ఏమీ కనిపించలేదు. కిటికీ వైపు వాల్చి పట్టుకుంటే వీపు భాగం నిండా, వైను రంగు దారంతోనే కుట్టిన సన్నటి అక్షరాలు. కుక్క తోక, మగ పుట్టుక, కడుపులో తిప్పడం, అన్నీ తారీకులతో సహా ఉన్నాయి.

"ఆ వెధవ రాతలు మీ బావ కోటులో ఎందుకు కుట్టావురా?"

మావాడు ఫోను తీసి ఒక ఫోటో చూపించాడు. మావాడి వీడియో కింద, ఛీ అన్నట్టు బొటనవేలు కిందికి చూపిస్తూ ముక్కుసూటి పెట్టిన ఫోటో. మణికట్టు దాకా చెయ్యి, నీలం చొక్కా కఫ్. ఆ కఫ్‌కు ఆకుపచ్చ దారంతో కాజా. చివర రెండు అడ్డకుట్లు.

ఆ చొక్కా కుట్టిన రోజు షాపులో నీలం దారం అయిపోయింది. ఉన్న దారంతో కానిచ్చేశానక్కా, ఏమనుకోకు అని మావాడే నాకు చెప్పాడు. ఆ రోజు పొద్దున కూడా ఆ చొక్కా ఇస్త్రీ చేసి మా ఆయనకు ఇచ్చింది నేనే.

కాళ్ళ కింద నేల కదిలిందంటారే, నాకు అలాంటిదేమీ కాలేదు. ఒళ్ళు మండింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వని ఆయనకి ఎలా తెలిసింది?"

"వీడియోల్లో నేను కుట్టుకున్న చొక్కాలే వేసుకున్నానుగా. ముఖం కత్తిరించానక్కా, కాజా కత్తిరించలేదు. బావ ఆరేళ్ళుగా రోజూ అవే కాజాల్లో గుండీలు పెట్టుకుంటున్నాడు, గుర్తుపట్టడా?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"రెండు నెలలు."

"మరి నాకు చెప్పి చావలేదేం?"

"నీ కాపురం అక్కా."

"నా కాపురం సంగతి నేను చూసుకుంటాను. ఇది చెప్పు. ఎవరికీ కనబడకుండా కుడితే ఏం లాభం?"

"నాకు తెలుసుగా. ఆయన స్టేజి మీద నిలబడినంతసేపూ ఆయన మాటలు ఆయన వీపుకే అంటుకుని ఉంటాయి. నాకది చాలు."

"నాకు చాలదు. విప్పు. తెల్ల దారంతో మళ్ళీ కుట్టు. అమ్మ కళ్ళజోడుకి ఆనేంత పెద్దవి."

"అమ్మకి తెలిసిపోతుందక్కా."

"నెలాఖరుకి వాడెలాగూ చెబుతానంటున్నాడు. వాడు చెబితే అమ్మ వాడి మాటలు వింటుంది. నువ్వు కుడితే నీ కుట్టు చూస్తుంది. ఏది కావాలో తేల్చుకో."

కోటు ఒళ్ళోకి లాక్కుని పాత కుట్లు ఒక్కొక్కటే విప్పాడు. తర్వాత సూదిలోకి తెల్ల దారం ఎక్కించాడు.

"అక్కా, చివర నా పేరు కూడా కుట్టనా?"

మూడు మధ్యాహ్నాలు పట్టింది. ఆ మూడు రోజులూ ఇంట్లో మా ఆయనకు వేళకు అన్నీ అమర్చాను, అడిగినదానికల్లా నవ్వుతూ జవాబు చెప్పాను. గొంతులో చిరునవ్వు ఎలా పెట్టాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను మరి.

సభ మధ్యాహ్నం రెండింటికి. కోటు ఎప్పుడూ నేను వెనక నుంచి పట్టుకుంటే ఆయన చేతులు దూరుస్తారు. అలాగే పట్టుకున్నాను, అలాగే దూర్చారు. అద్దంలో చూసుకుని, "మీ తమ్ముడికి ఇదొక్కటి మాత్రం వచ్చు" అన్నారు. అవునండీ అన్నాను.

స్టేజి మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. "అవతలివాడి ముఖం మనకి కనిపించదు. అయినా అక్కడున్నది ఒక మనిషేనని మరిచిపోకూడదు" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. చేతులు నొప్పి పుట్టేలా నేనూ కొట్టాను.

చెమటలు కక్కుతూ దిగివచ్చి, కోటు విప్పి, అటు చూడకుండానే నా చేతిలో పెట్టి జనంలోకి వెళ్ళిపోయారు. అమ్మ మొదటి వరసలో కూర్చుని ఉంది. ఆమె ముందున్న పూలకుండీల స్టాండుకు కోటు తిరగేసి తగిలించాను.

"అమ్మా, దీని మీదేదో రాసుంది చూడు."

అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. చదవడం మొదలుపెట్టింది.

"మార్చి పన్నెండు. ముక్కుసూటి. కుక్క తోకకి రిబ్బను కట్టినట్టున్నావు. మార్చి ఇరవై. ముక్కుసూటి. మగ పుట్టుక పుట్టి ఈ వేషాలేమిట్రా."

బస్సు వస్తోందన్నట్టు చదువుతోంది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. హాలులో కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా ఆయన అవార్డు చేతిలో పట్టుకుని మా వైపు తిరిగారు. ముఖం మీద చిరునవ్వు అలాగే ఉంది, తియ్యడం మరిచిపోయినట్టున్నారు.

"జూన్ రెండు. ముక్కుసూటి. నిన్ను కన్నందుకు మీ అమ్మ..."

అమ్మ ఆగింది. ఇరవై ఎనిమిదేళ్ళలో మధ్యలో ఆగడం ఆమె ఎరగదు. కళ్ళజోడు సర్దుకుని ఆ ముక్క మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

"నిన్ను కన్నందుకు మీ అమ్మ సిగ్గుతో చచ్చిపోవాలి. రాసినవారు, మా బావగారు. కుట్టినవారు, కుచ్చిళ్ళబ్బాయి, ఆయన బావమరిది."

కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. మావాడు తలుపు దగ్గర గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

"ఒరే, కుచ్చిళ్ళబ్బాయివి నువ్వేనా?"

"నేనేనమ్మా. స్కర్టులు వేసుకుంటాను. నేనే కుట్టుకుంటాను."

"సరే. ఆ సంగతి ఇంటికెళ్ళాక నువ్వూ నేనూ మాట్లాడుకుందాం."

మా ఆయన ముందుకు వచ్చారు. "అత్తయ్యగారూ, ఇదంతా ఎవరో సరదాకి..." అన్నారు. ఆయన గొంతులో చిరునవ్వు వినిపించకపోవడం నాకు అదే మొదటిసారి.

అమ్మ కుర్చీలోంచి లేచింది. "నేను చావలేదు అల్లుడుగారూ. ఇదిగో, బతికే ఉన్నాను, చూడండి. ఫోటో తీస్తారట, కోటు తొడుక్కోండి. తిప్పక్కర్లేదు, ఇలాగే."

నేను స్టాండు మీది కోటు తీసి, తెల్ల అక్షరాలు జనానికి కనిపించేలా, ఎప్పటిలాగే ఆయన వెనక నిలబడి పట్టుకున్నాను.

"చేతులు పెట్టండి" అన్నాను.