గాలివాల్వు పక్క గుడిసె

తాండూరులో బుగ్గమ్మ చేతుల్లో పడకుండా నేల మీద పడ్డవాళ్లు తక్కువ. మంత్రసానిగా ఆమె చేతికెంత పేరో, నోటికీ అంత పేరు. నొప్పులు పడే ఆడమనిషిని ఎంత ముద్దుగా బుజ్జగించేదో, గుమ్మంలో పచార్లు చేసే మొగుణ్ణి అంతగా దులిపి ఆరేసేది. ముసలితనంలో ఆమెకు మిగిలింది ఒక గుడిసె, ఒక బర్రె.

పంతొమ్మిదివందల అరవైనాలుగు ఎండాకాలం నాటికి కాగ్నా వాగు నుంచి ఊళ్లోకి నీళ్ల పైపు వేశారు. అది ఆమె గుడిసె ఉన్న మిట్ట మీదుగా పోయింది. మిట్ట పైన, గాలి వచ్చిపోవడానికి ఒక వాల్వు బిగించారు. పంపు మొదలుపెట్టినప్పుడల్లా అది బుస్సుమనేది. బర్రె బెదిరి పాలు చేపడం మానేసింది. బుగ్గమ్మ ఊరుకునే మనిషా? పాతచీర పేలిక ఉండచుట్టి వాల్వు నోట్లో కుక్కి, పైన మన్ను మెత్తింది. బర్రె హాయిగా చేపింది. ఆ పూట ముసలమ్మ సంబరం అంతా ఇంతా కాదు.

మర్నాడు కరెంటు పోయి పంపు ఠక్కున ఆగింది. మిట్ట కింద పైపు ఢామ్మని పగిలి, ఊరికి పోవలసిన నీళ్లు చేలపాలయ్యాయి.

పైపు చూసుకునే జంగప్ప పరుగెత్తుకొచ్చాడు. అతనూ ఆమె చేతుల్లో పుట్టినవాడే. మన్ను మెత్తిన వాల్వును చూసి తల పట్టుకున్నాడు.

"ఎంత పని జేసినవే అవ్వా! పంపు ఆగితే లోపల నీళ్లు జారిపోతయి. గా జాగల గాలి సొర్రాలె. సొర్రకుంటే పోయిన నీళ్లు మర్లొచ్చి గుద్దుకుంటయి. గిది పైపుకు ముక్కు అసొంటిది."

పసిగుడ్డుకు ముందు ముక్కూ నోరూ తుడిచి, ఊపిరి అందాకే తల్లికి చూపించే మనిషి బుగ్గమ్మ.

"ముక్కు మూసిన్నా కొడుకా, నేను?" అంటూ అక్కడే కూలబడింది.

ఇంతలో పైపు పనుల ఓవర్సీరు సైకిల్ దిగాడు. "ఎవడి పని ఇది?"

నిజం చెబితే గుడిసె పీకిస్తాడని జంగప్పకు తెలుసు. "పోరగాండ్లు ఎవరో సాబ్" అని నసిగాడు.

"పోరగాండ్లనెందుకంటవ్? నేనే మూసిన" అంది బుగ్గమ్మ.

"అయితే గుడిసె తీసెయ్. సాయంత్రానికి ఇక్కడ కనబడొద్దు."

అప్పటికే ఆమె మన్ను గీకేసి, పేలిక లాగేసి, చిటికెనవేలితో వాల్వు నోరు శుభ్రం చేస్తోంది.

"తీస్త సాబ్. పైపు బాగై, గిది ఊపిరి దీసుకుంటే జర ఇని పోత."

అతుకు వేసేదాకా ఎండలో అలాగే కూర్చుంది. పొద్దువాలుతుండగా పంపు నడిచింది. వాల్వు బుస్సుమంది. అవతల బర్రె పలుపు తెంపుకునేంత గుంజుకుంది. బుగ్గమ్మ మాత్రం కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ తర్వాత లేచి, పీకడానికి గుడిసె గుంజ మీద చెయ్యి వేసింది.

అంతా చూస్తున్న ఓవర్సీరు వచ్చి ఆ గుంజ పట్టుకున్నాడు.

"ఉండనియ్ అవ్వా. బర్రెను మాత్రం జర అవతల కట్టుకో."