ఖాళీ ఒడి

ఎక్కడికెళ్లినా ఒక్క చిన్న బ్యాగుతోనే వెళ్తాను. అందులోని సుఖం గురించి ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాను. మచిలీపట్నంలో అవనిగడ్డ బస్సెక్కి, బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని దర్జాగా కూర్చున్నాను.

రెండు సంచులతో, మనవరాలితో ఓ పెద్దావిడ పక్క సీట్లోకి వచ్చారు. ఒక సంచి తన ఒడిలో పెట్టుకుని, "మీ ఒడి ఖాళీయే కదండీ" అంటూ ఎండుచేపల సంచి నా ఒడిలో పెట్టారు. దానిమీద మనవరాలిని కూర్చోబెట్టారు. బస్సులో ఎవరికీ ఇది వింతగా తోచలేదు. పాప నా చొక్కా పట్టుకుని నిద్రపోయింది.

చల్లపల్లి వచ్చింది. "నేనిక్కడ దిగాలండీ" అన్నాను.

"ఇప్పుడే పడుకుంది బాబూ, లేస్తే ఏడుస్తది. అవనిగడ్డ దాకా వచ్చి వెనక్కెళ్లండి. మీకేం, సామాను కూడా లేదు!"

వెళ్లాను. తిరుగు బస్సులో బ్యాగు ఒడిలో పెట్టుకున్నాను.