పేరు మార్చిన పటాలు

మా బావ నీటి సరఫరా ఆఫీసులో పైపుల పటాలు గీస్తాడు. చెయ్యి తిరిగిన మనిషే, ఒళ్లు వంచడమే కష్టం. పటాలన్నీ ఒకే కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉండకూడదు, ఎవరైనా తెరవగలిగే ఓపెన్ ఫార్మాట్‌లోకి మార్చాలని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఒక్కో పటాన్నీ తెరిచి మార్చాలి. ఈ మహానుభావుడు తెరవనేలేదు. ఏ ఫార్మాటో చెప్పే ఫైలు పేర్ల చివరి అక్షరాలు మాత్రం మార్చి, పనైపోయిందన్నాడు. ఆ మాట నమ్మి ఆఫీసు పాత సాఫ్ట్‌వేర్‌ను తీసేసి, పటాలకూ ఉత్తరాలకూ ఊరికే దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పెట్టింది.

మొన్న మా వీధిలో పైపు పగిలింది. వాల్వు ఎక్కడుందో చూద్దామంటే ఒక్క పటమూ తెరుచుకోలేదు. వీధంతా తవ్వారు. మోకాళ్లదాకా బురదలో దిగిన ముసలి ఫిట్టరు బావనే ఓదార్చాడు.

"మీరేం చేస్తారు సార్, ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ అంతే."



"ఈ ఓపెన్ సోర్స్ మనకొద్దని పైకి రాయవయ్యా," అన్నారు పక్కనే ఉన్న వాళ్ల ఇంజినీరుగారు, బావతో.

బావ ఇంటికొచ్చి అన్నం ముందునుంచి లేచిపోయాడు. తలనొప్పని అక్కకు చెప్పాడు, నిజం నాకు చెప్పాడు. పైకి రాయమన్న ఆ ఉత్తరం కొత్త సాఫ్ట్‌వేర్‌లోనే రాసి, చూడమని నాకు పంపాడు. నా పాత ఫోన్‌లో కూడా చక్కగా వచ్చింది.

"తెరుచుకుందా?" అని అడిగాడు, తెరుచుకోకపోతే బాగుండునన్నట్టు.