పువ్వు మీద పువ్వు

పెడనలో మా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి కలంకారీ అద్దకం చేసే ఒకాయన వచ్చేవారు. మా అందరికీ మావయ్యే. నోరు విప్పేముందు, గుడ్డమీద కొయ్య అచ్చు దించుతున్నట్టు పిడికిలితో బల్లమీద మెత్తగా ఒక్కటి వేసేవారు.

"వృత్తి అనే అర్థంలో ప్రాక్టీస్ పక్కన ఏ మాటలొస్తాయి?" అని ఒకరోజు సార్ అడిగారు. ఒకరు "లా" అన్నారు, నేను "మెడిసిన్" అన్నాను. మావయ్య కళ్లు మూసుకుని బల్లమీద ఒక్కటి వేసి, "ఐ ప్రాక్టీస్ ఫ్లవర్స్" అన్నారు. అందరం నవ్వాం.

"అలా అనరండీ," అన్నారు సార్.

"నేను చేసేది అదేనండీ."

మొన్న ఆయన షెడ్డుకెళ్లాను. ఆరేసిన గుడ్డల నీడల్లో షెడ్డంతా నీళ్లలో ఉన్నట్టు ఊగుతోంది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయిందట. ఎడంచేత్తో పాతగుడ్డమీద అచ్చు వేస్తున్నారు. పక్కపక్కన పడాల్సింది, పువ్వుమీద పువ్వు పడుతోంది.

"సార్‌కి చెప్పమ్మా," అన్నారు తలెత్తకుండా. "ఫ్లవర్స్ మళ్లీ మొదట్నించీ ప్రాక్టీస్ చేస్తున్నానని."